తుపాకీ అప్పగించి... రైలెక్కాడు

సింగపూర్‌లో పుట్టినా పెరిగినా మగపిల్లాడైతే రెండేళ్లు సైన్యానికి బాకీ ఉన్నట్టే. ఆ బాకీ తీరిన నెలలో ఓ తెలుగింటి కుర్రాడు ఉద్యోగం వెతుక్కున్నాడు, ఇద్దరు స్నేహితులతో కలిసి మూడు దేశాల మీదుగా ప్రయాణం చేశాడు. ఇంట్లో మాత్రం ఓ ప్రశ్న అతని జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది.

'ఓఆర్డీ లో...!'

సింగపూర్‌లో సైనిక శిబిరాల గేట్ల దగ్గర వినిపించే కేక ఇది. ఓఆర్డీ అంటే సైన్యంలో పూర్తికాలం సేవ ముగిసే రోజు. చివర్లో ఆ 'లో' అన్నది అక్కడివాళ్లు ఇంగ్లిషుకు తగిలించుకున్న తోక. మనం మాట చివర 'లే' అంటామే, అలాంటిదన్నమాట. రెండేళ్లుగా ఫోన్లో రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చిన కుర్రాళ్లు ఆ రోజున సంచీ భుజాన వేసుకుని బయటికొస్తూ గొంతు చించుకుని అరుస్తారు. దారినపోయేవాళ్లు తిట్టుకోరు. వాళ్లలో చాలామంది ఒకప్పుడు అలా అరిచినవాళ్లే!

2025 మార్చి మొదటివారంలో అలా అరిచినవాళ్లలో ఓ తెలుగు కుర్రాడు ఉన్నాడు. నాన్నది విజయవాడ. అమ్మది తాడేపల్లిగూడెం పక్కన పల్లెటూరు. 2006లో నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద సింగపూర్ వెళ్లేటప్పటికి వాడికి రెండేళ్లు. తర్వాత అక్కడే తమ్ముడు పుట్టాడు. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిషు, శనివారాల్లో తెలుగు అక్షరాల క్లాసు, సంక్రాంతికి తెలుగువాళ్లంతా ఓచోట చేరడం... విదేశాల్లోని మన కుటుంబాలన్నిటిలాంటిదే ఈ కుటుంబమూ. ఒక్కటే తేడా. పెద్దాడికి ఏడేళ్లప్పుడు అమ్మానాన్నా శాశ్వత నివాసం కోసం ఓ దరఖాస్తు మీద సంతకం చేశారు. అక్కడి చట్టం ప్రకారం ఉద్యోగం మీద వచ్చి శాశ్వత నివాసం పొందిన తండ్రికి సైనికసేవ ఉండదు. అతని వెనక ఆ హోదా పొందిన కొడుక్కి ఉంటుంది. ఆ సంగతి వాళ్లకు తెలియక కాదు. ఏడేళ్ల పిల్లాడికి పద్దెనిమిది రావడమన్నది ఎక్కడో దూరాన ఉన్న మాట అనిపించింది, అంతే.

దూరం ఏమీ లేదు. 2023 మార్చిలో వచ్చేసింది.

పెరుగు దొరుకుతుందా?

సింగపూర్ 1965 ఆగస్టు 9న స్వతంత్ర దేశమయ్యేనాటికి దాని సైన్యమంటే రెండే రెండు పదాతి దళాలు. మన హైదరాబాద్ మహానగరం కంటే పెద్దది కాని దేశం. కాపాడతారనుకున్న బ్రిటిష్‌వాళ్లు తట్టాబుట్టా సర్దుకుంటున్నారు. సైన్యాన్ని తీర్చిదిద్దడానికి ఇజ్రాయెల్ నుంచి నిపుణుల్ని పిలిపించారు. చుట్టుపక్కల దేశాలు ఏమనుకుంటాయోనని వాళ్లను 'మెక్సికన్లు' అని చెప్పుకున్నారట! 1967లో చట్టం వచ్చింది. అప్పట్నుంచి 18 ఏళ్లు నిండిన ప్రతి మగపిల్లాడూ సైన్యంలోనో, పోలీసు, అగ్నిమాపక దళాల్లోనో పనిచేయాల్సిందే. 2004 దాకా కొందరికి రెండున్నరేళ్లు ఉండేది, తర్వాత అందరికీ రెండేళ్లు చేశారు. ఎగ్గొడితే పదివేల డాలర్ల వరకూ జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆడపిల్లలకు ఈ నిర్బంధం లేదు. ఎందుకు లేదన్నది అక్కడ బస్సుల్లోనూ భోజనాల దగ్గరా ఎన్నటికీ తెగని వాదన.

శిక్షణ మొదలయ్యేది పులావ్ టెకాంగ్ అనే దీవిలో. చాంగీ రేవు నుంచి పడవలో పావుగంట ప్రయాణం కూడా కాదు. ఒకప్పుడు ఊళ్లుండేవి. 1980ల్లో జనాన్నంతా ఖాళీ చేయించి దీవి మొత్తాన్నీ సైన్యానికి ఇచ్చేశారు. తొలిరోజున కన్నవాళ్లనూ పడవెక్కించి తీసుకెళ్తారు. పిల్లాడు పడుకునే మంచం, బీరువా చూపిస్తారు. భోజనశాలలో వాడి పక్కన కూర్చోబెట్టి వాడు తినబోయే తిండే పెడతారు. మలయ్ ముస్లింలకు హలాల్, మనవాళ్లకు కావాలంటే శాకాహారం. ఆ అమ్మ కూర రుచి చూసి, 'ఫరవాలేదు' అనుకుని, వడ్డించే ఆయన్ని అడిగిన ఒకే ఒక్క ప్రశ్న... 'రాత్రిపూట పెరుగు దొరుకుతుందా?'

కొడుకు సిగ్గుతో చచ్చిపోయాడు. మధ్యాహ్నం అమ్మానాన్నల్ని పడవెక్కించాక గుండు కొట్టారు. సాయంత్రానికి అందరూ ఒకేలా ఉన్నారు.

ఆ తర్వాత తొమ్మిది వారాల సంగతి చెప్పాలంటే పత్రిక చాలదు. 2012లో వచ్చిన 'ఆ బాయ్స్ టు మెన్' అనే సినిమా చూస్తే కొంత తెలుస్తుంది. కవాతు ఆదేశాలు మలయ్ భాషలో ఉంటాయి... 'సెడియా' అంటే కదలకుండా నిలబడాలి, 'సెనాంగ్ దిరి' అంటే కాస్త సడలాలి. చైనీస్, మలయ్, తమిళ, తెలుగు పిల్లలంతా తమది కాని భాషలోనో, తమ స్నేహితుడి భాషలోనో అడుగులేస్తారు. సింగపూర్‌లోనే తయారయ్యే 'సార్ 21' తుపాకీ ఇచ్చి, నిద్రలో కూడా దాన్ని వదలొద్దంటారు. చివర్లో 24 కిలోమీటర్ల నడక. రాత్రయితే దీవి మీద దెయ్యం కథలు. చార్లీ కంపెనీ గదుల్లో ఒకదానికి మాత్రం రెండు తలుపులకు బదులు మూడుంటాయనీ, చనిపోయిన ఓ కుర్రాడి ఆత్మ బయటికి పోవడానికే ఆ మూడోది పెట్టారనీ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. అన్నయ్య మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు తమ్ముడు అడిగింది కూడా ఆ మూడో తలుపు గురించే.

అడవిలో గుడారాలేసుకుని ఉండే వారంలో ఓ రాత్రి అందరికీ ఇళ్ల నుంచి ఉత్తరాలు పంచుతారు. ముందే కన్నవాళ్ల దగ్గర రాయించి తెచ్చిపెట్టుకుంటారు. మట్టికొట్టుకుపోయి, నిద్రలేక, చేతులు బొబ్బలెక్కి ఉన్నప్పుడు తెరవమంటారు. ఆ అమ్మ ఉత్తరాన్ని తెలుగులో రాసింది. శనివారం క్లాసుల పుణ్యమా అని వాడు టార్చిలైటు వెలుగులో ఒత్తులు కూడబలుక్కుంటూ చదివాడు. 'తిన్నావా నాన్నా' అన్న మొదటి రెండు మాటలకే అరనిమిషం పట్టింది. మిగిలిన ఐదు వాక్యాలకు ఇంకా ఎక్కువ పట్టింది, కళ్లు సహకరించక. పక్కనున్న మలయ్ కుర్రాడు 'ఏం రాసింది మీ అమ్మ?' అనడిగితే 'మీ అమ్మ రాసిందే' అన్నాడట. అక్కణ్నుంచే ఇద్దరికీ స్నేహం.

ఇంజినీరింగు సీటు... లారీ స్టీరింగు

శిక్షణయ్యాక ఎవరికి ఏ పనో సైన్యమే చెబుతుంది. అమ్మ ఆఫీసరవుతాడనుకుంది. వాడికి వాహన విభాగం వచ్చింది. ఐదు టన్నుల లారీ! తాడేపల్లిగూడెంలో అమ్మమ్మకు ఫోన్లో ఈ విషయం ఎలా చెప్పాలో తెలియక అమ్మ నెలరోజులు దాటేసింది. చివరికి తెలిశాక అమ్మమ్మ ఆశ్చర్యపోయింది మాత్రం వేరే సంగతికి. వాళ్ల ఊరికి దగ్గర్లోనే ఉంది మాధవరం. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ ఇంటికొకరు చొప్పున సైన్యంలో చేరుతూ వచ్చిన ఊరు, అందుకే దాన్ని మిలటరీ మాధవరం అంటారు. 'మా మాధవరంలో కుర్రాళ్లు పరుగుపందేలు తీసి, చేర్చుకోమని బతిమాలుకుంటారు. అక్కడ అడక్కుండానే పట్టుకుపోతారా?' అందావిడ. ఆ తర్వాత ఇంకో మాట కూడా అంది. 'నీ పాసుపోర్టు మనదే కదరా! మరి నువ్వు ఏ దేశం సిపాయివి?'

మనవడి దగ్గర జవాబు లేదు. నిజానికి ఆ ప్రశ్న వేసుకునే తీరిక కూడా లేదు. చేరిన కొత్తలో నెలకు ఇచ్చేది ఎనిమిదొందల సింగపూర్ డాలర్ల లోపే. అక్కడి లెక్కల్లో అది జీతం కాదు, చేతిఖర్చు. వాడితో చదువుకున్న అమ్మాయిలు 2023 ఆగస్టులోనే విశ్వవిద్యాలయంలో చేరిపోయారు. వాడు కాలేజీ మొదటి ఏడులో అడుగుపెట్టేటప్పటికి వాళ్లు మూడో ఏడు. సీటు ఎక్కడికీ పోదు, సేవ ముగిసేదాకా అట్టే పెడతారు. కానీ అట్టే పెట్టలేనివి వేరే ఉంటాయి. వారాంతాల్లో కలిసినప్పుడు ఆ అమ్మాయిలు ఇంటర్న్‌షిప్పుల గురించీ, ప్రొఫెసర్ల గురించీ మాట్లాడుకుంటుంటే వీళ్లు లారీ టైరు మార్చిన సంగతులు చెప్పేవారు. కొన్నాళ్లకు చెప్పడం మానేశారు.

సేవ ముగియడానికి మూణ్నెల్ల ముందు నుంచీ బ్యారక్‌లో రాత్రిపూట ఒకటే పని... బయోడేటాలు రాసుకోవడం. ఓఆర్డీ మార్చిలో, కాలేజీ ఆగస్టులో. మధ్యలో ఐదు నెలలు. ఇంట్లో కూర్చుంటే కుదరదు. సైన్యం తన వంతుగా ఉద్యోగ మేళాలు పెడుతుంది. వెళ్లేముందు సేవాపత్రం ఇస్తుంది, ఎలా పనిచేశాడో అందులో ఉంటుంది. కానీ బయోడేటాలో 'అనుభవం' అన్న గడిలో ఏం రాయాలి? ఐదు టన్నుల బండిని వానలో, చీకట్లో, అడవిదారిలో, వెనక పదిహేను మందిని కూర్చోబెట్టుకుని నడిపాను అని రాస్తే బాగానే ఉంటుంది. దాన్ని బ్యాంకువాళ్లు ఏం చేసుకుంటారు?

పద్నాలుగు చోట్ల దరఖాస్తు పెడితే నాలుగుచోట్ల నుంచి కబురొచ్చింది. రెండు చోట్ల అడిగింది ఒకటే: 'ఆగస్టు దాకానేనా?' నేర్పించి తయారుచేసేలోపు వెళ్లిపోయేవాడు ఎవరికి కావాలి! మూడోచోట బడిలో సెలవు పెట్టిన టీచర్ల బదులు పాఠాలు చెప్పే పని. ఇంటర్ స్థాయి చదువు ముగించిన పిల్లలకు ఇది అక్కడ మామూలే. గౌరవమైన పనే కానీ ఏ రోజు పిలుస్తారో తెలియదు. నాలుగోది సరకుల్ని ఇళ్లకు చేరవేసే వ్యాను నడపడం. సైన్యంలో బండి నడిపినవాళ్లు ఆ లైసెన్సును మామూలు లైసెన్సుగా మార్చుకోవచ్చు. బయట ఎవరైనా అది సంపాదించాలంటే వేల డాలర్లు వదిలే దేశమది. కాబట్టి వాడి చేతిలో నిజంగా గిరాకీ ఉన్న కాగితం అదొక్కటే. జీతం కూడా మిగతావాటికంటే ఎక్కువ.

నాన్నకు నచ్చలేదు. ఇంజినీరింగు సీటున్నవాడు వ్యాను తోలడమేంటన్నాడు. అమ్మ పైకి ఏమీ అనలేదుగానీ, తాడేపల్లిగూడెం ఫోన్లో మాత్రం 'ట్రాన్స్‌పోర్టు కంపెనీలో చూస్తున్నాడు' అని చెప్పింది.

గంట వెనక్కి

సేవ ముగిసిన కుర్రాళ్లు చేసే రెండో పని ప్రయాణం. బ్యాంకాక్, తైపీ, బాలి... చౌక విమానమో బస్సో ఏది దొరికితే అది. రెండేళ్లపాటు పడుకునే సమయం కూడా ఎవరో చెప్పినవాళ్లకు, ఓ వారం ఎవరూ ఏమీ చెప్పకపోవడమే పెద్ద విహారం. మన కుర్రాడూ, ఆ మలయ్ స్నేహితుడూ, ఓ చైనీస్ స్నేహితుడూ బ్యాంకాక్ దాకా రైల్లో వెళ్దామని నిరుటి నుంచే అనుకున్నారు. ఇంతలో మార్చి 28న మయన్మార్‌లో భారీ భూకంపం వచ్చింది. వందల మైళ్ల దూరంలోని బ్యాంకాక్‌లో చతుచక్ దగ్గర కడుతున్న ఆకాశహర్మ్యం కుప్పకూలింది. ఆ దృశ్యం టీవీల్లో పదేపదే చూసిన ముగ్గురమ్మలూ ఒకే మాట మీద నిలబడ్డారు. మతాలు మూడైనా అమ్మల తీర్పు ఒక్కటే! ఆఖరికి దక్షిణ థాయ్‌లాండ్‌లోని హాట్ యాయ్ దగ్గరే ఆగిపోయేలా రాజీ కుదిరింది.

31న రంజాన్. మలయ్ స్నేహితుడి ఇంట్లో రెండాంగ్ తిని, ఏప్రిల్ 3 రాత్రి బయల్దేరారు. సింగపూర్‌ను మలేషియాతో కలిపే కాజ్‌వే పొడవు కిలోమీటరే. ప్రపంచంలో అత్యంత రద్దీ సరిహద్దుల్లో ఒకటి కావడంతో అది దాటడానికి ఎంతసేపు పడుతుందో దేవుడికే తెలియాలి. అక్కడ తేలిన తేడా ఒకటుంది. స్నేహితులిద్దరి జేబుల్లో సింగపూర్ ఎర్ర పాస్‌పోర్టులు, వీడి దగ్గర మన నీలం పాస్‌పోర్టు. గుర్తింపు కార్డులూ అంతే... పౌరులది గులాబీ రంగు, శాశ్వత నివాసులది నీలం. రెండేళ్లు ముగ్గురూ వేసుకున్న చొక్కా ఒకటే రంగు కావడంతో ఇది ఎవరికీ గుర్తులేదు.

2023 డిసెంబరు నుంచి మలేషియా, 2023 నవంబరు నుంచి థాయ్‌లాండ్ మనవాళ్లను వీసా అడగడం మానేశాయి కాబట్టి ప్రయాణం ఆగలేదు. అధికారి నీలం పాస్‌పోర్టు తిరగేసి 'సింగపూర్‌లో ఏం చేస్తుంటావ్?' అనడిగాడు. వాడు ఒక్కక్షణం తడుముకున్నాడు. నెల క్రితం దాకా దానికి గబుక్కున చెప్పే సమాధానం ఉండేది. 'ఉద్యోగం వెతుక్కుంటున్నాను' అన్నాడు.

తెల్లవారేసరికి బస్సు కౌలాలంపూర్ చేర్చింది. రైల్వేస్టేషన్ పక్కనే బ్రిక్‌ఫీల్డ్స్. పేరుకు మలేషియాగానీ పూలదండలు, ఇత్తడి సామాన్లు, అగరొత్తుల వాసనతో మన ఊరి గుడివీధిలాగే ఉంటుంది. అక్కడ దోసె, సాంబారు. ఆ తర్వాత గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కరెంటు రైలు. ఇపో దాటాక తెల్లటి సున్నపురాయి కొండలు, ఇంకా పైకి వెళ్తే కెడా రాష్ట్రం. మలేషియాకు అన్నం పెట్టేది అదే. కనుచూపుమేర వరిచేలు, కాల్వలు, గట్ల మీద కొబ్బరిచెట్లు. సెలవులకు వెళ్లినప్పుడు తాడేపల్లిగూడెం రైల్లోంచి చూసిందే మళ్లీ చూస్తున్నట్టనిపించి వాడు ఫొటో తీసి అమ్మమ్మకు పంపాడు. 'ఎప్పుడొచ్చావురా? ఫోనైనా చెయ్యలేదు!' అని ఆవిడ నుంచి సమాధానం.

పడాంగ్ బెసార్ సరిహద్దు స్టేషన్. ఒకే భవనంలో మలేషియా ముద్ర, నాలుగడుగులు వేస్తే థాయ్ ముద్ర. థాయ్‌లాండ్ గడియారం మలేషియా కంటే గంట వెనక. చేతి గడియారం ముల్లు తిప్పుకుంటూ చైనీస్ కుర్రాడు, 'రెండేళ్లు తీసుకున్నారు, గంట తిరిగిచ్చారు' అన్నాడు. చిన్న రైలెక్కి గంటలో హాట్ యాయ్ చేరిపోయారు.

విహారస్థలంగా హాట్ యాయ్‌ని ఎవరూ పొగడరు. సముద్రం లేదు, చారిత్రక కట్టడాలు అంతకన్నా లేవు. మలేషియా, సింగపూర్‌ల నుంచి జనం అక్కడికెళ్లేది తినడానికీ, చౌకగా కొనడానికీ. ఉదయం చైనీస్ హోటళ్లలో వెదురుబుట్టల్లో ఆవిరి కుడుములు. కిమ్ యాంగ్ బజారులో జీడిపప్పు, ఎండబెట్టిన పళ్లు, పొద్దుగూకితే వీధి చివర ముస్లింల బండ్ల దగ్గర కోడి వేపుడు. పైన కరకరలాడే చిన్నుల్లిపాయ ముక్కలు గుప్పెడు చల్లి, ముద్దన్నంతో ఇస్తారు. ఆ ఊరి పేరు చెబితే థాయ్‌లాండ్ అంతా గుర్తుచేసుకునేది దాన్నే. ముగ్గురూ ఆ రెండు రోజులూ తినడం, పడుకోవడం తప్ప ఏమీ చేయలేదు. అయితే ఒక ఇబ్బంది... అలారం లేకపోయినా అయిదున్నరకు ముగ్గురికీ మెలకువ వచ్చేసేది. పక్క సర్ది, దుప్పటి నాలుగు మూలలూ లాగి కట్టేశాక, ఇది హోటల్ కదా అని గుర్తొచ్చేది.

ఎరుపా... నలుపా?

సోమవారం ఉదయం వాళ్లెక్కిన టుక్‌టుక్ డ్రైవరు మామూలు దారిలో వెళ్లలేదు. మలయ్ కాస్తో కూస్తో వచ్చినాయన. ఐదు నిమిషాలు ఓచోట ఆగాలి, మీరూ చూద్దురుగాని రండి అన్నాడు. ఊరిచివర ఓ బడి ఆవరణ. జనం జాతరకొచ్చినట్టు ఉన్నారు. ఐస్‌క్రీం బండి, కూల్‌డ్రింకులు, మైకు. లోపల షెడ్డు కింద వరసల్లో కూర్చున్న కుర్రాళ్లు, ఒంటిమీద చొక్కాల్లేవు. చుట్టూ తాడుకు ఇవతల తల్లులు, చెల్లెళ్లు, స్నేహితురాళ్లు.

థాయ్‌లాండ్‌లో సైన్యంలోకి తీసుకునే పద్ధతి ఇది. 21వ ఏట అడుగుపెట్టిన మగపిల్లలంతా ఏప్రిల్ మొదట్లో పిలిచినచోటికి రావాలి. ఎత్తు, ఛాతీ కొలుస్తారు. హైస్కూల్లో మూడేళ్లు సైనిక శిక్షణ తరగతులు చదివినవాళ్లకు మినహాయింపు. ముందుగా ఇష్టమై చేరేవాళ్లు ఎవరని అడుగుతారు. సరిపడా మంది లేకపోతే పెట్టె ముందుకొస్తుంది. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పెట్టి ఓ కార్డు తీయాలి. నల్లదొస్తే ఇంటికి. ఎర్రదొస్తే రెండేళ్ల దాకా సైన్యానికి. చదువును బట్టి కొందరికి ఆ గడువు తగ్గుతుంది. బౌద్ధ సన్యాసులు కాషాయంతోనే వచ్చి వరసలో కూర్చుంటారు. ఆడపిల్లల్లా బతుకుతున్నవాళ్లూ కాగితాలు పట్టుకుని రావాల్సిందే.

'దమ్!' అని మైకులో వినిపిస్తే నలుపు. ఈలలు, చప్పట్లు, ఒకడు అక్కడే నేలమీద సాష్టాంగపడ్డాడు. 'డేంగ్!' అంటే ఎరుపు. అప్పుడూ జనం అరుస్తారు, కానీ ఆ అరుపు వేరు. కార్డు పట్టుకున్నవాడు నవ్వడానికి ప్రయత్నిస్తాడు. వాడి చేతికి కాగితం ఇచ్చి పక్క బల్ల దగ్గరకు పంపుతారు. మొత్తం పది సెకన్ల వ్యవహారం.

డ్రైవరు మేనల్లుడి వంతు వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మోటారుసైకిళ్ల షాపులో పని, తండ్రి లేడు. ముగ్గురు సింగపూర్ కుర్రాళ్లూ ఎప్పుడు నిలబడ్డారో తెలీదు, తాడు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిటారుగా నిలబడిపోయారు.

దమ్!

తల్లి తాడు కింద నుంచి దూరి వెళ్లిపోయింది. ఆపాల్సిన సిపాయి తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ కుర్రాడు చొక్కా తొడుక్కుంటూ బయటికొచ్చాక మేనమామ ఈ ముగ్గుర్నీ చూపించి ఏదో చెప్పాడు. వాడు నవ్వి ఓ ప్రశ్న అడిగాడు. డ్రైవరు దాన్ని మలయ్‌లోకి మార్చాడు: 'మీ దేశంలో పెట్టెలో ఎన్ని ఎర్ర కార్డులుంటాయి?'

మలయ్ స్నేహితుడు చెప్పాడు... 'అన్నీ ఎర్రవే.'

ఆ తర్వాత టుక్‌టుక్‌లో చాలాసేపు వాదించుకున్నారు. పెట్టె కంటే అందరూ వెళ్లడమే న్యాయం కదా అన్నాడు చైనీస్ కుర్రాడు, వాళ్ల నాన్న కూడా వెళ్లాడు, చిన్నాన్న కూడా వెళ్లాడు. కనీసం పెట్టెలో నల్లది ఉంటుందన్న ఆశైనా ఉందన్నాడు మలయ్ కుర్రాడు. మన కుర్రాడు ఏమీ మాట్లాడలేదు. మీ ఇద్దరికీ పెట్టె కూడా లేదు. నాకు మాత్రం ఏడేళ్లప్పుడే ఎవరో చెయ్యిపెట్టి తీశారు కదా అనిపించింది వాడికి. అయితే ఆ మాట అనుకోగానే ఉత్తరం గుర్తొచ్చింది. ఐదు టన్నుల లారీ వెనక వానలో తడుస్తూ పాడిన పాటలు గుర్తొచ్చాయి. ఈ ఇద్దరూ గుర్తొచ్చారు. లెక్క తేలలేదు.

తమ్ముడి సంగతి

ఆ రాత్రి ఇంటి నుంచి ఫోను. వ్యాను కంపెనీ వాళ్లు పిలిచారనీ, 15 నుంచి రమ్మంటున్నారనీ నాన్నే చెప్పాడు. 'వెళ్లు. నాలుగు నెలలే కదా' అని కూడా అన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నాడంటే వెనక ఇంకేదో ఉందని వాడికి అర్థమైంది.

అసలు విషయం తమ్ముడిది. వాడికి పదిహేను నిండాయి. పదహారున్నరకు పేరు నమోదుకు కాగితం వస్తుంది. ఈలోపు నాన్నకు ఆస్ట్రేలియాలో ఉద్యోగం వచ్చే అవకాశముంది. వెళ్లిపోయి, సింగపూర్ నివాసహోదా వదిలేసుకుంటే చిన్నాడికి సైన్యం తప్పుతుంది. అయితే అలా సేవ చేయకుండా వదిలివెళ్లిన పిల్లలు తర్వాత ఎప్పుడైనా చదువుకో ఉద్యోగానికో సింగపూర్ వస్తామంటే ఆ సంగతి లెక్కలోకి తీసుకుంటారు. ఇంచుమించు తలుపు మూసుకున్నట్టే. పెద్దాడు ఆ దేశం తరఫున రెండేళ్లు పనిచేశాడు, కావాలంటే పౌరసత్వం అడగొచ్చు. అడిగితే నీలం పాస్‌పోర్టు ఇచ్చేయాలి. మనకు రెండు దేశాల పౌరసత్వం ఉండదు. పైగా ఓఆర్డీతో బంధం తెగిపోదు, ఇంకా పదేళ్లపాటు ఏడాదికి 40 రోజుల వరకూ పిలుస్తూనే ఉంటారు. అంటే కుటుంబం ఒకచోట, పెద్దకొడుకు ఒకచోట అయ్యేలా ఉంది. సింగపూర్‌లోని ఎన్నో భారతీయుల ఇళ్లలో పిల్లాడికి పద్నాలుగూ పదిహేనూ వచ్చేసరికి ఈ చర్చ మొదలవుతుంది. కొందరు వెళ్లిపోతారు, కొందరు ఉండిపోతారు. ఎవరి లెక్కలు వారివి.

'నువ్వు చూసొచ్చావు కదరా. వాడికి వద్దంటావా?' నాన్న అడిగాడు. రెండేళ్లలో నాన్న సైన్యం గురించి నేరుగా అడిగిన మొదటి ప్రశ్న అదే.

వాడు వెంటనే చెప్పలేకపోయాడు. కింద వీధిలో కోడివేపుడు బండి మూసేస్తున్నారు. 'నన్నడగొద్దు నాన్నా' అన్నాడు చివరికి. 'వాణ్నే అడగండి. నన్నెవరూ అడగలేదు.'

అవతల కాసేపు నిశ్శబ్దం. అమ్మ ఫోను తీసుకుంది. 'తిన్నావా?' అంది.

'తిన్నానమ్మా.'

'పెరుగు దొరికిందా?'

ఈసారి వాడు సిగ్గుపడలేదు. పక్కన మంచాల మీదున్న ఇద్దరికీ ఆ ప్రశ్న అర్థం చెబితే వాళ్లూ నవ్వారు. ఇంతలో తమ్ముడు ఫోను లాక్కున్నాడు. నాన్న మాటలన్నీ పక్క గదిలోంచి విన్నాడో లేదో తెలీదు.

'అన్నా, నిజం చెప్పు. ఆ మూడో తలుపు ఉందా?'

'నేను చూళ్లేదురా. నాది బ్రావో కంపెనీ కదా.'

'రెండేళ్లున్నావు, ఒక్కసారి వెళ్లి చూడలేకపోయావా!' అని వాడు విసుక్కుని ఫోను పెట్టేశాడు.

వెళ్లడానికి రాత్రీ పగలూ పట్టిన దారి, తిరిగొచ్చేటప్పుడు విమానంలో గంటన్నరలో అయిపోయింది. 15న ఉదయం వాడు ఏడు గంటలకు డిపోకి వెళ్లాల్సి ఉంటే ఆరున్నరకే వెళ్లి గేటు బయట నిలబడ్డాడు. బండి తాళాలిచ్చిన పెద్దాయన చైనీస్, జుట్టు నెరిసిపోయింది. సైనికసేవ చేసినవాళ్లకే అబ్బే ఆ నిలబడే తీరు చూసి 'ఏ యూనిట్?' అని మాత్రం అడిగాడు. పాస్‌పోర్టు రంగు అడగలేదు.